పాత క్యాసెట్లు వినడానికి ఏ డెక్ కొనాలి? మూడు హెడ్లదా, మామూలుదా?

హరికథ_మనవడు
అందరికీ నమస్కారం. ఇంట్లో 140 దాకా క్యాసెట్లు ఉన్నాయి. ఎక్కువ భాగం సినిమా పాటలే. అందులో సగం మా నాన్నగారు కాగితం మీద పాటల జాబితా రాసిచ్చి రికార్డింగ్ షాపులో నింపించినవి. నా బెంగ వాటి గురించి కాదు. 22 క్యాసెట్లలో మా తాతగారి హరికథలు ఉన్నాయి. 1984 నుంచి 1988 వరకు విజయనగరం దగ్గర మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో మోనో టేప్ రికార్డర్ పెట్టి పట్టినవి. ఆ రికార్డర్ ఇప్పుడు లేదు. స్నేహితుడి టూ ఇన్ వన్‌లో వేస్తే తాతగారు దుప్పటి కప్పుకుని కథ చెబుతున్నట్టు ఉంది. చిడతలైతే వినిపించనే లేదు.

20 వేల లోపు రెండు పాత డెక్‌లు చూశాను. ఒకటి సోనీ టీసీ-కే611ఎస్, మూడు హెడ్లది. రెండోది టెక్నిక్స్ ఆర్ఎస్-టీఆర్373, జంట డెక్, ఆటో రివర్స్, ధర సగం. నేను రికార్డింగ్ చేయను. వింటాను, వీలైతే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. ఏది తీసుకోమంటారు?

మూడోహెడ్డు
ఆలోచించాల్సిన పనే లేదు, సోనీ తీసుకోండి. హెడ్డంటే టేపును తాకి పాటను దాని మీద రాసే, చదివే, చెరిపే భాగం. రెండు హెడ్ల డెక్‌లో ఒకటి చెరిపే హెడ్డు. మిగిలిన ఒక్కటే రికార్డింగూ చేయాలి, చదవనూ చదవాలి. రికార్డింగుకు హెడ్డు ముఖం మీది సందు, అంటే గ్యాపు, వెడల్పుగా ఉంటే మేలు, చదవడానికి సన్నని గ్యాపు మేలు. రెండు పనులూ ఒకటే చేస్తే రాజీ తప్పదు. మూడు హెడ్లుంటే చదివే హెడ్డు ఆ ఒక్క పనికే ఉంటుంది.

ఇక ఆటో రివర్స్ సంగతి. ఒక పక్క అయిపోగానే హెడ్డు గిర్రున తిరిగి బోర్లా పడుతుంది. ఇన్నేళ్లు అలా తిరిగింది ప్రతిసారీ అదే కోణంలో కూర్చుంటుందని ఎవరు హామీ ఇస్తారు? క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది. అంటే 10 కిలోహెర్ట్జ్ కీచు ధ్వని తరంగం ఒక్కొక్కటి టేపు మీద 4.76 మైక్రాన్ల చోటులో ఇమిడిపోతుంది. హెడ్డు వెంట్రుకవాసి వాలినా ముందు పోయేవి మీ చిడతలే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కొన్న తరువాత దాన్ని ఏ మెకానిక్ చేతికీ ఇవ్వకండి.

పెన్సిల్_తిప్పుడు
ఏది కొన్నా ముందు ఒక పనికిరాని క్యాసెట్టు వేసి చూడండి. తాతగారిది మొదట వేయకండి. డెక్ టేపును నమిలేస్తే మళ్లీ రాదు.

సోల్డరింగ్_ఐరన్
రికార్డింగ్ చేయని మనిషికి మూడో హెడ్డు దేనికండీ? అది రికార్డు చేస్తూనే పక్కన వినడానికి వచ్చిన ఏర్పాటు. సన్నని గ్యాపు మాట నిజమే, కాదనను. కానీ పందిట్లో మోనోలో పట్టిన టేపులో ఆ గ్యాపు తేడా వినిపించేంత సరుకు ఉండదు.

మీ 4.76 లెక్క కూడా నిజమే, కాకపోతే అది మీ సలహాకే అడ్డం తిరుగుతుంది. ఆనాటి రికార్డర్ హెడ్డు ఏ కోణంలో వాలి ఉందో టేపు మీద ముద్ర ఆ కోణంలోనే పడి ఉంటుంది. మీ సోనీ హెడ్డు కంపెనీ కొలతకు నిటారుగా నిలబడి, వాలిన ముద్రను నిటారుగా చదువుతుంది. పైగా మోనో ట్రాకు, అంటే టేపు మీద ముద్ర పడే పట్టీ, మిల్లీమీటరున్నర వెడల్పు. ట్రాకు వెడల్పు పెరిగినకొద్దీ వాలుకు పడే శిక్ష ఎక్కువ.

మందు చిన్నదే. హెడ్డు పక్కన స్ప్రింగు కింద స్క్రూ ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మోనో చేసి, టేపు నడుస్తుండగా స్క్రూను పిసరంత తిప్పాలి. చిడతలు ఎక్కడ గలగలమంటాయో అక్కడ ఆపాలి. బెల్టులు, పించ్ రోలరు (టేపును అదిమి నడిపే రబ్బరు చక్రం) కొత్తవి వేసిన ఏ మామూలు డెక్ అయినా చాలు, స్క్రూడ్రైవర్ దూరే సందుంటే. అయితే ఆటో రివర్స్ వద్దన్నది ఒప్పుకుంటాను. వాటిలో చాలావాటికి పక్కకొక స్క్రూ, రెండు తలనొప్పులు.

మూడోహెడ్డు
దయచేసి ఎవరూ ఆ స్క్రూ ముట్టుకోకండి! దాని మీద కంపెనీవాళ్లు రంగు చుక్క పెట్టి బిగించేది ఎందుకు? కోణం సరిచూసుకునే ప్రత్యేక క్యాసెట్టు లేకుండా, చెవితో, స్క్రూడ్రైవర్‌తో సరిచేస్తారా? ఒకసారి కదిలిస్తే మిగిలిన 118 క్యాసెట్లూ చెడిపోయినట్టే వినిపిస్తాయి.

సోల్డరింగ్_ఐరన్
తిప్పేముందు స్క్రూ మీద గీత పెట్టుకుంటే, పని అయ్యాక అదే గీతకు తేవచ్చు. అది మేకు కాదు, స్క్రూ. రెండు వైపులా తిరుగుతుంది.

బుస_వ్యతిరేకి
బుస తగ్గించే డాల్బీ గురించి ఎవరూ మాట్లాడరేం? డాల్బీ సీ పెట్టండి, బుస మొత్తం పోతుంది.

పెన్సిల్_తిప్పుడు
డాల్బీతో రికార్డు చేయని టేపుకు డాల్బీ పెడితే బుసతో పాటు ట్రెబుల్, అంటే చిడతల్లాంటి కీచు ధ్వనులు, కూడా పోతుంది. ఇప్పటికే దుప్పటి అంటున్నారు, మీరు రెండోది కప్పుతున్నారు.

బుస_వ్యతిరేకి
నాకు అలాగే హాయిగా ఉంటుంది.

కువైట్_నుంచి_వచ్చాను
ఆ సోనీ ఏ దేశానికి చేసినదో వెనక అతికించిన చీటీ చూడండి. జపాన్‌లో అమ్మినదైతే 100 వోల్టులు, అమెరికాదైతే 120. నేరుగా మన 230లో పెడితే పాట రాదు, పొగ వస్తుంది. మధ్యలో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి.

హరికథ_మనవడు
చూశాను, 230 అనే ఉంది. కానీ అమ్మే ఆయన 'పదేళ్లుగా వాడలేదు, ఆఖరిసారి పెట్టినప్పుడు బాగానే పాడింది' అంటున్నారు.

సోల్డరింగ్_ఐరన్
పదేళ్లు కదలని డెక్‌లో బెల్టు సాగిపోయి ఉంటుంది, లేదా కరిగి తారులా పుల్లీకి అంటుకుని ఉంటుంది. పించ్ రోలరు గాజులా గట్టిపడి ఉంటుంది. టేపు నమలడానికి అంతకంటే ఏం కావాలి? మూడు హెడ్లున్నా ముప్పై హెడ్లున్నా విప్పక తప్పదు. మెకానిక్‌కు ఇవ్వవద్దన్న పెద్దమనిషి దీనికేమంటారో వినాలని ఉంది.

మూడోహెడ్డు
ఏమంటానా? 2009లో నా డెక్ బెల్టు మార్చమని ఇచ్చాను. బెల్టు ఒక్కటే. వెనక్కి వచ్చేసరికి హెడ్డు స్క్రూ తల అరిగిపోయి ఉంది, ముందు పలక మీద గీతలు. అయస్కాంతం ఎక్కిన స్క్రూడ్రైవర్‌తో హెడ్డును కెలికినట్టున్నారు, ఏ టేపు వేసినా కొత్తగా బుస. అడిగితే 'పాత సామాను సార్, అంతే ఉంటుంది' అన్నారు. ఆ షాపు పేరు చెప్పను, ఇప్పుడు లేదు కూడా. నాకు తెలిసిన మెకానిక్‌లందరూ ఇదే తీరు. బాగున్నదాన్ని విప్పుతారు, పోయినదాన్ని మన నెత్తిన రుద్దుతారు.

సోల్డరింగ్_ఐరన్
'అందరూ' అన్నారు కాబట్టి నేనూ అందులో ఉన్నాను. 31 ఏళ్లు ఈ పనే చేశాను. కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాల కోసం ఎన్ని మధ్యాహ్నాలు తిరిగానో నాకే తెలియదు. డెక్ 20 వేలకు కొన్నవాళ్లు బెల్టులు మార్చిన కూలికి 300 అడిగితే 150కి బేరమాడేవారు. మూడు గంటలు కూర్చుని పుల్లీకి అంటిన తారు స్పిరిట్‌తో గీకితే 'బెల్టు ఖరీదు ఇరవై రూపాయలేగా' అనేవారు. చేతికి కూలి కట్టరు, చేయి బాగాలేదని మాత్రం రాస్తారు. మీరందరూ ఇదే తీరు అని నేను అనవచ్చా?

మూడోహెడ్డు
బేరమాడింది నేను కాదు. అడిగినంతా ఇచ్చాను.

సోల్డరింగ్_ఐరన్
అయితే ఆ షాపతనిని తిట్టండి, న్యాయం. ఇక్కడ కొత్తగా కొనబోయేవారిని ఎందుకు భయపెడతారు? మనిషి చేయి పడని డెక్ ఒకటి ఎక్కడో ఉందని, డబ్బు పెడితే అది దొరుకుతుందని మీ నమ్మకం. అలాంటిది లేదు. ఈ డెక్‌లలో కొత్తదనేది కూడా ఓటు హక్కు వయసు ఎప్పుడో దాటేసింది. ఏది కొన్నా, దాన్ని చివరగా విప్పిన చేయి మంచిదా కాదా అన్నదే లెక్క.

గట్టున_కూర్చున్నవాడు
ఇద్దరూ చెప్పేది నిజమే కదా. మధ్యలో ప్రశ్న అడిగిన ఆయన ఉన్నారా, వెళ్లిపోయారా?

మూడోహెడ్డు
సరే, పూర్తిగా చెబుతాను. ఆ రోజు డెక్ లోపల ఒక క్యాసెట్టు ఉండిపోయింది. బెల్టు తెగినప్పుడు తలుపు తెరుచుకోక అలాగే ఇచ్చాను. మా అమ్మ పాడిన మంగళహారతులు, ఒకే ఒక్క కాపీ. డెక్ వచ్చింది, క్యాసెట్టు రాలేదు. 'లోపల ఏమీ లేదు సార్' అన్నారు. నెల రోజులు తిరిగాను. గీతలు పడ్డ పలక గురించి ఇన్నేళ్లు గుర్తుపెట్టుకుంటానా నేను?

సోల్డరింగ్_ఐరన్
ఆ సంగతి మొదటే రాసి ఉంటే నేను అంత పొడవు రాసేవాడిని కాదు. లోపల టేపు ఉందని రసీదు మీద రాయకుండా డెక్ తీసుకోవడం తప్పు. కస్టమర్ ఎదుటే తలుపు తెరిచి టేపు చేతిలో పెట్టాలి, ఎంత ఆలస్యమైనా సరే. మా షాపులో అదే పద్ధతి. అతను చేసింది తప్పు.

స్క్రూ విషయంలో మాత్రం నా మాట నాదే.

మూడోహెడ్డు
నాది నాదే.

హరికథ_మనవడు
వెళ్లిపోలేదు, ఇక్కడే ఉన్నాను. మీ ఇద్దరి మాటలూ చదువుతుంటే భయమేసి ఏ డెక్కూ కొనలేదు. ఈ ఉదయం హరికథ క్యాసెట్టు ఒకటి తీసి వెలుతురులో పట్టుకుని చూశాను. హెడ్డు వచ్చి ఆనుకునే కిటికీలో, టేపు వెనక సన్నని రేకు మాత్రమే ఉంది. దాని మీద చిన్న మెత్తటి ముక్క ఉండాలి కదా, అది లేదు. క్యాసెట్టు ఊపితే లోపలి నుంచి పప్పుబద్దలా రాలిపడింది. 22లో 9 ఇంతే.

సోల్డరింగ్_ఐరన్
దొరికింది దొంగ! అది ప్రెషర్ ప్యాడ్. టేపును హెడ్డుకు అదిమిపట్టేది అదే. జిగురు ఎండిపోయి రాలిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్డును తాకీ తాకనట్టు పోతుంది, ముందు పోయేది ట్రెబుల్. అవసరం లేని సినిమా క్యాసెట్టు, ఐదు స్క్రూలతో బిగించినది, ఒకటి విప్పండి. ప్యాడు ఉన్న రేకును పైకి లాగితే వచ్చేస్తుంది. మీ క్యాసెట్టులో అలాగే దించండి. టేపుకు వేళ్లు తగలనివ్వకండి.

మూడోహెడ్డు
మంచి డెక్ ఎందుకు కావాలో ఇప్పటికైనా తెలిసిందా? నాకమిచి పై శ్రేణి డెక్‌లలో ఆ ప్యాడును హెడ్డు దగ్గర వెనక్కి నెట్టే ఏర్పాటు ఉంటుంది. రెండు క్యాప్‌స్టన్‌లు (టేపును నడిపే సన్నని కడ్డీలు) అటూ ఇటూ టేపును బిగువుగా పట్టుకుంటాయి, కాబట్టి ప్యాడు ఉన్నా లేకపోయినా ఒకటే. నాకమిచి డ్రాగన్ అయితే కోణాన్ని కూడా దానంతట అదే సరిచేసుకుంటుంది. ఎవరూ స్క్రూ తిప్పాల్సిన అవసరమే ఉండదు.

సోల్డరింగ్_ఐరన్
డ్రాగన్ ధరకు ఆయన ఊళ్లో ఏటా హరికథ చెప్పించవచ్చు.

కువైట్_నుంచి_వచ్చాను
దాన్ని బాగుచేసే మనిషిని వెతకడానికి ఇంకో 20 వేలు.

హరికథ_మనవడు
ప్యాడు మార్చాను. రెండోసారికి కుదిరింది, మొదటిసారి రేకు తలకిందులుగా పెట్టాను. అదే టూ ఇన్ వన్‌లో వేశాను. దుప్పటి చాలావరకు తొలగింది. చిడతలు వినిపిస్తున్నాయి, కానీ దూరంగా, పక్క వీధి పందిరిలోంచి వస్తున్నట్టు. ఒకచోట తాతగారు కథ ఆపి మైకువాడిని కోప్పడతారు. ఇన్నేళ్లూ అది దగ్గు అనుకున్నాం.

సోనీని ఆయన ఈలోగా వేరేవారికి ఇచ్చేశారట. ఇంకొక పాత యమహా, రెండు హెడ్లది, ఆటో రివర్స్ లేనిది దొరికింది. ఆదివారం వెళ్లి తెచ్చుకుంటాను. బెల్టులు ఇంకా మార్చలేదట.

సోల్డరింగ్_ఐరన్
తీసుకోండి. హైదరాబాద్ వైపు ఉంటే నాకు వేరుగా సందేశం పెట్టండి, బెల్టులు నేనే వేస్తాను. కూలి 300. బేరం లేదు. లోపల క్యాసెట్టు లేకుండా తీసుకురండి.

మూడోహెడ్డు
పక్కనే కూర్చుని చూడండి. స్క్రూ ముట్టుకోనివ్వకండి.

సోల్డరింగ్_ఐరన్
మీరు కూడా వచ్చి కూర్చోండి, టీ నా ఖర్చు. అయస్కాంతం లేని స్క్రూడ్రైవర్ మీరే తెచ్చుకోండి.