చిన్న పడవలో చేపలు పడుతున్నాం, అదే మలుపులో పెద్ద మొసలి కనిపించింది. ఎలా జాగ్రత్త పడాలి?

నీటికోడి:

అన్నలూ అక్కలూ, మొసళ్లున్న నీళ్లలో చిన్న పడవ మీద చేపలు పట్టే అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. నేనూ మా బాబాయీ కలిసి వెళ్తాం. ఇంజిన్ లేదు, తెడ్లతోనే నడుపుతాం. ఇద్దరం ఎక్కి వల కూడా వేసుకున్నామంటే పడవ అంచుకీ నీటికీ మధ్య జానెడు మిగిలితే ఎక్కువ. ఈమధ్య మేం రోజూ వల వేసే మలుపులో ఒక పెద్ద మొసలి ఒడ్డున ఎండకు పడుకుని కనిపించింది. మేం దగ్గరికి వెళ్లగానే చప్పుడు లేకుండా నీళ్లలోకి జారిపోయింది. బాబాయి "చూశావా, మనల్ని చూసి భయపడి పోయింది, ఇవి ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నాయి, ఎవర్నేం చేశాయి" అంటున్నాడు. నాకైతే అది ఒడ్డు మీద ఉన్నంతసేపూ ఏమీ అనిపించలేదు, నీళ్లలోకి వెళ్లాకే టెన్షన్ మొదలైంది, ఆ తర్వాత అది ఎటుందో తెలియదు కదా.

చేపలు పట్టడం మానేయడం కుదరదు, ఆ సలహా మాత్రం ఇవ్వకండి. పడవను అది బోల్తా కొట్టిస్తుందా? తెడ్డుతో నీళ్ల మీద గట్టిగా కొడితే పోతుందంటారు, నిజమేనా? పగటిపూట మాత్రమే వెళ్తే సరిపోతుందా? బాబాయికి చూపిస్తాను కాబట్టి కాస్త వివరంగా రాయండి.

గడతెడ్డు:

తమ్ముడూ, నీ భయమే సరైనది. ఒడ్డు మీద కనిపించే మొసలి ఎక్కడుందో మనకు తెలుసు, దూరంగా వెళ్లిపోవచ్చు. అది నీళ్లలోకి జారిందంటే పారిపోయిందని కాదు, దానికి బలం ఉన్న చోటికి వెళ్లింది. చాలాసార్లు ఆ పక్కనే అడుగున కదలకుండా పడుకుని ఉంటుంది. మామూలుగా పది పదిహేను నిమిషాలకోసారి పైకొస్తుంది గానీ, కదలకుండా ఉంటే గంట కూడా నీటి అడుగున ఉండగలదు. కాసేపు చూశాం, ఏమీ లేదు, వెళ్లిపోయినట్టుంది అనుకోవడానికి వీల్లేదు. పెద్ద మొసలి కనిపించిన మలుపును వదిలేసి వేరే చోట వల వేయండి. నువ్వు అడిగినవాటిలో అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే.

ఇక మీ దగ్గర ఉన్నది ఏ రకమో తెలుసుకోండి. ముక్కు సన్నగా పొడుగ్గా కర్రలా ఉండే ఘరియాల్ చేపలు తిని బతుకుతుంది, మనిషి జోలికి రావడం చాలా అరుదు. వెడల్పు మూతి ఉన్న మగ్గర్ మనుషుల మీద దాడి చేసిన సందర్భాలు ఉన్నాయి. ఉప్పునీటి మొసలి, ఆఫ్రికాలో ఉండే నైలు మొసలి అయితే మనిషిని తినే జంతువుగానే లెక్క. ఉప్పునీటి మొసలి మగది 5 మీటర్లు పెరగడం కొత్తేమీ కాదు, 6 మీటర్లు దాటినవీ ఉన్నాయి. పేరు చూసి మోసపోవద్దు, అది నది ముఖద్వారం దగ్గరే కాదు, సముద్రానికి ఎంతో దూరంలో మంచినీళ్లలో కూడా ఉంటుంది.

బోల్తా సంగతి. పెద్ద మొసలి తలుచుకుంటే చిన్న పడవను తిప్పేయగలదు, అందులో అనుమానం లేదు. 2010లో కాంగోలోని లుకుగా నదిలో కయాక్‌లో (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వెళ్తున్న ఒక అనుభవజ్ఞుడిని నైలు మొసలి ఆ కయాక్‌లోంచే లాక్కుపోయింది. నీటికి అంత దగ్గరగా కూర్చున్నప్పుడు మనిషికీ మొసలికీ మధ్య అడ్డమేమీ ఉండదు. మీ పడవ అంచు జానెడే పైకుందన్నావు, నాకు అన్నిటికన్నా కంగారు పుట్టించింది ఆ మాటే. బరువు తగ్గించండి. వలలు తక్కువ తీసుకెళ్లండి, పట్టిన చేపలు ఎక్కువైతే రెండుసార్లు తిరగండి. వీలైతే అంచు ఎత్తుగా, అడుగు వెడల్పుగా ఉన్న పడవకు మారండి.

అయితే మొసలి వచ్చి పడవను తిప్పేయడం కన్నా, మనమే పడవ బయటికి వంగి దానికి అందడం ఎక్కువగా జరిగే పని. చేప గాలానికి పడగానే అంచు మీదికి ఒరిగి చేత్తో ఎత్తుతాం. చేతులు కడుక్కోవడానికి నీళ్లలో ముంచుతాం. పట్టిన చేపల్ని తాడుకు గుచ్చి పక్కన నీళ్లలో వేలాడదీస్తాం, చల్లగా ఉంటాయని. ఇవన్నీ మానేయాలి. పొడవాటి పిడి ఉన్న చేతివల ఒకటి పెట్టుకోండి, చేపను దాంతోనే పైకి తీయండి. చేపల్ని పడవలో మూతున్న డబ్బాలో వేయండి. నీళ్లు తోడిపోసే డబ్బాకి కూడా తాడు కట్టుకుంటే చెయ్యి అంచు దాటక్కర్లేదు. కూర్చోవడం పడవ మధ్యలో, కాళ్లూ చేతులూ లోపల.

బుల్లెట్‌గాలం:

చిన్న ఇంజిన్ పెట్టించుకోండి బ్రో. ఆ శబ్దానికి దగ్గరికి రావు. మేం వెళ్లే చోట అందరూ అదే చేస్తారు.

గడతెడ్డు:

ఇంజిన్ ఉంటే త్వరగా పక్కకి తప్పుకోవచ్చు, ఆ ఉపయోగం ఉంది. శబ్దానికి రావు అనే నమ్మకం మాత్రం పెట్టుకోకండి. ఆస్ట్రేలియాలో ఫిన్నిస్ నది పక్కనున్న ఒక మడుగులో 1970లలో ఒక ఉప్పునీటి మొసలి ఉండేది, దాన్ని స్వీట్‌హార్ట్ అని పిలిచేవారు. చేపలు పట్టేవాళ్ల చిన్న పడవల ఇంజిన్ల మీదికి పదేపదే వచ్చి వాటిని కొరికేసేది. ఇంజిన్ గుర్రుమనే శబ్దం దానికి తన చోటులోకి వచ్చిన ఇంకో మగ మొసలి గొంతులా వినిపించి ఉంటుందని చెబుతారు. మనుషుల్ని ఏమీ చేయలేదు, కానీ పడవలో కూర్చున్నవాళ్ల పరిస్థితి ఊహించండి. 1979లో దాన్ని వేరే చోటికి తరలించాలని మత్తిచ్చి పట్టుకున్నారు, ఆ పనిలోనే అది నీళ్లలో మునిగి చనిపోయింది. కొలిస్తే 5.1 మీటర్లు. ఇప్పటికీ అక్కడి డార్విన్ నగరంలోని మ్యూజియంలో ఉంది.

తెడ్డుతో నీళ్ల మీద కొట్టడం గురించి కూడా నాది ఇదే మాట. చిన్న మొసలి పోతే పోవచ్చు, పెద్దది ఏం జరుగుతోందో చూడ్డానికి దగ్గరికి కూడా రావచ్చు. అది ఒక రక్షణ అనుకుని ధైర్యం తెచ్చుకోవద్దు.

తీగమడుగు:

నేను వన్యప్రాణుల విషయాలు చదువుతుంటాను కాబట్టి చెయ్యి ముంచితే ఎందుకు ప్రమాదమో చెప్తాను. మొసలి దవడల చుట్టూ చర్మం మీద చిన్న చిన్న నల్ల చుక్కలు ఉంటాయి, అవి నీటి కదలికను పసిగట్టే అవయవాలు. పూర్తి చీకట్లో, బురద నీళ్లలో కూడా ఒక చిన్న అల ఎటు నుంచి వచ్చిందో దానికి తెలిసిపోతుంది. వలలో కొట్టుకునే చేప, నీళ్లలో ఆడించే చెయ్యి, రెండూ దానికి తిండి ఉందని చెప్పే కబుర్లే. అది మనకు కనిపించాలంటే మాత్రం కళ్లూ ముక్కూ పైకి పెట్టాలి, అవీ తేలుతున్న చెత్తలో కలిసిపోతాయి.

పగలు మాత్రమే వెళ్లడం మంచిదే, ఎందుకంటే అవి ఎక్కువగా వేటాడేది సందెవేళ, రాత్రి, తెల్లవారుజామున. కానీ పగలు దాడి చేయవని కాదు. కాలాన్ని కూడా చూసుకోవాలి. వాతావరణం వేడెక్కేకొద్దీ వాటికి ఆకలి, చురుకు రెండూ పెరుగుతాయి. గుడ్లు పెట్టే రోజుల్లో ఇంకా జాగ్రత్త. మగ్గర్, నైలు మొసలి ఒడ్డున గుంత తవ్వి గుడ్లు పెడతాయి, ఉప్పునీటి మొసలి గడ్డీ ఆకులూ కుప్ప పోసి అందులో పెడుతుంది. పొదగడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అన్నాళ్లూ తల్లి ఆ పక్కనే కాపలా ఉంటుంది. మీ మలుపులో అది తరచూ ఒకే చోట కనిపిస్తుంటే, దగ్గరికి వెళ్తే నోరు తెరిచి బుసకొడుతుంటే, అక్కడ గూడు ఉన్నట్టే అనుకుని దూరం జరగండి. వరద వచ్చి తగ్గాక కూడా పాత లెక్కలు నమ్మొద్దు, అంతవరకూ మొసలి లేని మడుగుల్లోకి, కాలవల్లోకి అవి కొట్టుకొస్తాయి. హెచ్చరిక బోర్డు లేదంటే మొసలి లేదని అర్థం కాదు. బురద ఒడ్డున పొట్ట ఈడ్చుకుపోయినట్టు నున్నటి జాడ కనిపిస్తే అది బోర్డు కన్నా నమ్మదగ్గ గుర్తు.

ఇంకొక్క మాట. వలలో మొసలి చిక్కితే చచ్చినట్టు కదలకుండా ఉన్నా దగ్గరికి వెళ్లి విడిపించాలని చూడకండి. అటవీశాఖకు వెంటనే చెప్పండి, త్వరగా చెప్పడం దానికీ అవసరం, పైకి రాలేకపోతే మొసలి కూడా ఊపిరాడక చనిపోతుంది. చాలా దేశాల్లో వాటిని చంపడం నేరం కూడా.

నీటికోడి:

అందరికీ చాలా థాంక్స్. ఇది చదివాక ఇంకో విషయం చెప్పాలనిపించింది. మా వల కట్టే గడలు నడుములోతు నీళ్లలో ఉంటాయి, బాబాయి పడవ దిగి కడతాడు. తిరిగొచ్చాక ఎప్పుడూ ఒకే రేవులో దిగి, అక్కడే నీటి అంచున కూర్చుని చేపలు కోసి పేగులు నీళ్లలో పడేస్తాం. మా కుక్క కూడా మాతోపాటే అక్కడ తిరుగుతుంటుంది. ఇందులో దేన్ని ముందు మార్చాలి?

రేవుమనిషి:

అన్నీ మార్చాలి నాన్నా, ఇవాళ్టి నుంచే. పెద్దవాణ్ని, చొరవ తీసుకుని గట్టిగా చెప్తున్నా, ఏమీ అనుకోకు.

మీ బాబాయి నడుములోతు నీళ్లలో దిగడం పడవలో కూర్చోవడం కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. పడవ ఎంత చిన్నదైనా నీకూ దానికీ మధ్య ఒక చెక్క ఉంటుంది, నీళ్లలో దిగితే అదీ లేదు. మోకాలి లోతు నీళ్లలో కూడా పెద్ద మొసలి కనిపించకుండా దాక్కోగలదు. గాలం అడుగున చిక్కుకుంటే తీయడానికి దిగేవాళ్లు కూడా ఇలాగే దొరికిపోతారు. దారం కోసేయండి, గాలం పోతే పోయింది. వల కట్టడానికి గడలు వద్దు, రెండు చివర్లా బరువైన రాళ్లు, పైన తేలే బుంగలు కట్టి పడవలోంచే వదలండి. తీసేటప్పుడు ఒకరు తెడ్డు పట్టుకుని చుట్టూ నీళ్లను చూస్తుండాలి, ఇంకొకరు కొక్కెం ఉన్న పొడవాటి కర్రతో బుంగ తాడును అందుకుని, నిలబడకుండా పడవ మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని లాగాలి. ఇద్దరూ ఒకే పక్కకి ఒరగకూడదు. వల బరువుగా అటు నుంచి ఎవరో లాగుతున్నట్టు అనిపిస్తే పోరాడకండి, వదిలేయండి.

ఇక ఆ రేవు. మొసలి మన అలవాటును గమనిస్తుంది, ఇది నేను ఎన్నోచోట్ల చూసిన సంగతి. రోజూ అదే వేళకి అదే చోటుకి మనిషి వస్తాడు, పేగులు పడతాయి, కుక్క నీటి అంచున తిరుగుతుంది. నువ్వు దానికి తిండి పెట్టి పిలుస్తున్నట్టే అయింది కదా. మొదట పేగుల కోసం వస్తుంది, తర్వాత మనుషులంటే బెదురు పోతుంది, ఆ రేవులో నీళ్లకి దిగేది మీరిద్దరే కాదు, పిల్లలూ ఆడవాళ్లూ కూడా అయ్యుండొచ్చు. చేపల్ని నీటికి బాగా దూరంగా తీసుకెళ్లి కోయండి, వ్యర్థాలు గుంతలో పూడ్చేయండి, మిగిలిన ఎరను కూడా నీళ్లలో పారబోయకండి. దిగే చోటు, వేళ మారుస్తూ ఉండండి. కుక్కను ఇంటి దగ్గర వదిలేయండి. ఉత్తర ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే చెప్పే లెక్క, పని లేనప్పుడు నీటి అంచుకు కనీసం 5 మీటర్ల దూరం, రాత్రి పడుకునేట్టయితే 50 మీటర్లు. అక్కడ మొసళ్లతోనే బతుకుతారు కాబట్టి ఆ లెక్కను నేను నమ్ముతాను.

కట్టుబడి_నర్సు:

ఒకవేళ కరిస్తే ఏం చేయాలో ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. పట్టుకున్నప్పుడు కళ్లలో పొడవండి, వేళ్లతోనైనా చేతిలో ఏది ఉంటే దాంతోనైనా. బయటపడ్డవాళ్లలో చాలామంది చెప్పింది అదే. దవడలు విడదీయాలని చూస్తే బలం వృథా, 2012లో ప్రచురించిన కొలతల్లో ఉప్పునీటి మొసలి కాటు బలం 16,000 న్యూటన్లు దాటింది, అంటే 1,600 కిలోలకు పైగా బరువు అదిమినంత. ఒడ్డు మీద వెంటపడితే వంకరటింకరగా పరిగెత్తాలనే మాట వట్టిది, నీటికి దూరంగా తిన్నగా పరిగెత్తండి, మొసలి నేల మీద ఎక్కువ దూరం రాలేదు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. చెయ్యో కాలో అయ్యి అప్పటికీ ఆగకపోతే గాయం మీద కాకుండా దానికి కాస్త ఎగువన, ఒంటివైపు వెడల్పాటి గుడ్డ బిగించి కట్టి, కట్టిన టైము గుర్తుపెట్టుకోండి. పన్ను దిగిన చిన్న గుంత మాత్రమే ఉన్నా, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. దాని నోట్లోని, నీళ్లలోని క్రిములు లోపలికి వెళ్లి రెండు మూడు రోజుల్లో గాయం బాగా చెడిపోతుంది. మొసలి కరిచిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి, దాన్నిబట్టే మందులు మారతాయి. టెటనస్ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి.

నీటికోడి:

బాబాయికి చదివి వినిపించాను. గడల దగ్గర దిగడం మానేస్తానన్నాడు, రేవు విషయం కూడా ఒప్పుకున్నాడు. పడవ తిరగబడితే ఏం చేయాలి, చీకటి పడ్డాక తిరిగి రావాల్సి వస్తే ఎలా, ఈ రెండూ అడగమన్నాడు.

గడతెడ్డు:

బాబాయి విన్నందుకు చాలా సంతోషం తమ్ముడూ. లైఫ్ జాకెట్లు ఎక్కేముందే వేసుకోండి, పడవలో మూల పడేసి ఉంచితే లాభం లేదు. తిరగబడితే అన్నిటికన్నా ముందు ఒంటిని నీళ్లలోంచి బయటికి తీయాలి. పడవ వీపు మీదికి ఎక్కగలిగితే ఎక్కేయండి, సహాయం వచ్చేదాకా అక్కడే ఉండండి. వలా చేపలూ వెతుక్కోవద్దు. ఎక్కడానికి పనికొచ్చేలా పడవ అడుగున బయటివైపు ఆ చివర నుంచి ఈ చివరకు ఒక తాడు బిగించి ఉంచండి, తడి చెక్క మీద చేతికి పట్టు దొరకదు. ఫోన్‌ను నీరు పోని కవర్లో పెట్టి జాకెట్‌కి కట్టుకోండి. ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

చీకట్లో వస్తుంటే నుదుటికి కట్టుకునే టార్చ్ వాడండి. వెలుతురు మీ కంటి పక్కనుంచే వెళ్లాలి, అప్పుడే మొసలి కళ్లు నిప్పుకణాల్లా ఎర్రగా మెరవడం కనిపిస్తుంది. రేవుకు చేరేముందు కాస్త దూరంలో ఆగి నీటి మీదా ఒడ్డు మీదా నెమ్మదిగా టార్చ్ తిప్పండి. మెరుపు కనిపిస్తే అక్కడ దిగకుండా ఇంకో చోటికి వెళ్లండి. కనిపించకపోయినా అడుగున ఉండొచ్చు కాబట్టి పడవ ముక్కు నేలకు తగిలేదాకా ఎవరూ నీళ్లలో కాలు పెట్టకండి, ముందువైపు నుంచే ఒకరి తర్వాత ఒకరు దిగి ఆగకుండా పైకి నడిచిపోండి. సామాను దించే పని వెలుతురు వచ్చాక చూసుకోవచ్చు.