ఏడో తరగతి దాటి హైస్కూలుగా ఎదుగుతున్న చిన్న బడి: ఊరిని కలుపుకోవడం ఎలా?

ప్రశ్న (బడి నడిపే ఉపాధ్యాయిని, మదనపల్లె ప్రాంతం)

అందరికీ నమస్కారం. మదనపల్లెకు దగ్గరలోని ఒక పల్లెలో మేము ముగ్గురు ఉపాధ్యాయులం కలిసి పదకొండేళ్లుగా ఒక చిన్న బడి నడుపుతున్నాము. మా పిల్లలు తరగతుల వారీగా కాక కలిసి కూర్చుని, ఎవరి వేగంలో వారు నేర్చుకుంటారు. వారంలో రెండు పూటలు తోటలోనూ, ఊళ్లో ఒక మగ్గం దగ్గరా పని చేస్తారు. మా బడిలో దెబ్బలూ లేవు, ర్యాంకులూ లేవు. రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఏకోపాధ్యాయ బడుల కోసం తయారు చేసిన కార్డుల పద్ధతిని (పాఠాలను చిన్న చిన్న మెట్లుగా కార్డుల మీద పెట్టి, పిల్లలు తమంతట తామే నేర్చుకునే పద్ధతి) చూసే మేము ఈ పనిలోకి దిగాము. ఏడో తరగతి వరకు ఈ పద్ధతి మీద ఊళ్లో ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. అయితే ఏడు పూర్తి కాగానే పిల్లలందరూ పట్టణంలోని ఫౌండేషన్ కోర్సుల బడులకు వెళ్లిపోయేవారు.

రెండేళ్ల కిందట కొందరు తల్లిదండ్రులే వచ్చి, పది వరకు ఇక్కడే పెట్టమని అడిగారు. గుర్తింపు కోసం దరఖాస్తు చేసుకుని, ఈ జూన్‌లో ఎనిమిదో తరగతి మొదలుపెట్టాము. పంతొమ్మిది మంది చేరుస్తామన్నారు కానీ పదకొండు మందే చేరారు, దసరా సెలవుల తరువాత వారిలో ఇద్దరు మానేశారు. టీసీ కోసం వచ్చిన ఒక తల్లి అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మీ మీద నాకు నమ్మకం లేక కాదు మేడం, వాడు పదిలో తప్పితే మా అత్తగారింట్లో నేను తలెత్తుకోలేను" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మూడు సమావేశాలు పెట్టి మా విద్యా దృక్పథాన్ని వివరించాము. అందరూ శ్రద్ధగా విని, తలూపి వెళ్లారే తప్ప ఒక్కరూ ఏమీ అడగలేదు. భవనానికీ డబ్బుకూ ఏదో ఒక దారి చూసుకోగలం గానీ, ఈ బడి మాది అనుకునే మనుషులు చుట్టూ లేకపోతే తొమ్మిది, పది తరగతులు నిలబడవని నాకు భయంగా ఉంది. ఇలాంటి దశ దాటినవారు తమ అనుభవం చెప్పగలరా?

జవాబు 1 (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల)

అమ్మా, ఆ తల్లి అడిగింది దృక్పథం గురించి కాదు, పదో తరగతి గురించి. మీ మూడు సమావేశాల్లోనూ ఆ విషయం ఎంతసేపు మాట్లాడారో ఒకసారి గుర్తు చేసుకోండి. మన ప్రాంతంలో పదో తరగతి అంటే ఒక పరీక్ష మాత్రమే కాదు. నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సీటు పది మార్కులను బట్టే వస్తుంది కనుక, పొలం పని చేసుకునే కుటుంబం కూడా ఆ మార్కుల మీదే పిల్ల భవిష్యత్తును లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కను చిన్నచూపు చూసే బడిని వారు ఎంత మెచ్చుకున్నా, పిల్లలను మాత్రం అందులో ఉంచరు.

కాబట్టి మీ పిల్లలు పదో తరగతి ఏ దారిలో రాస్తారో ఒక కాగితం మీద తేటగా రాసి ప్రతి ఇంటికీ ఇవ్వండి. హైస్కూలు గుర్తింపు వస్తే రెగ్యులర్‌గా రాస్తారు. రావడం ఆలస్యమైతే ఓపెన్ స్కూల్ ఉంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పద్నాలుగేళ్లు నిండినవారు తెలుగు మాధ్యమంలోనే పది రాయవచ్చు. అందులో కనీసం 5 సబ్జెక్టులు తీసుకోవాలి, ఒకసారి నమోదైతే 5 ఏళ్లలో 9 అవకాశాలు ఉంటాయి. "తప్పితే" అన్న భయం ఉన్న తల్లికి ఈ 9 అవకాశాల మాట ఎంత ధైర్యమిస్తుందో నేను కళ్లారా చూశాను. అయితే ఓపెన్ స్కూల్‌లో చదివితే ఏయే ప్రవేశాలకు ఇబ్బంది రావచ్చో కూడా ముందుగా కనుక్కుని అదే కాగితం మీద రాయండి. తరువాత ఇంకొకరి నోట వింటే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

రెండో విషయం కమిటీ. విద్యా హక్కు చట్టం 21వ సెక్షను కింద ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఈ నిబంధన వర్తించదు కనుక మీకు చట్టపరమైన ఒత్తిడి లేదు. అయినా అదే కొలతతో మీరే ఒక కమిటీ వేసుకోండి. నా సర్వీసులో సంతకాల కోసం మాత్రమే బతికిన కమిటీలను చాలా చూశాను. ఒకే ఒక్కటి నిజంగా పని చేసింది, ఎందుకంటే ఆ ఊళ్లో మధ్యాహ్న భోజనం బియ్యం తూకం దగ్గర ఇద్దరు తల్లులు వంతుల వారీగా నిలబడేవారు. చేతికి పని ఇస్తే మనిషి కమిటీలో ఉంటాడు.

లెక్కలు కూడా వారి ముందు పెట్టండి. 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో సగం జీతాలకు పోవాలి, యాజమాన్యానికి 5 శాతమే మిగలాలి. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. మీరే చెప్పి, మీ ఖాతా పుస్తకం తెరిచి చూపండి.

జవాబు 2 (ఒక తండ్రి, చీనీ అంటే బత్తాయి తోట రైతు, అనంతపురం జిల్లా)

మేడం గారికి నమస్కారం. మా అమ్మాయి ఇటువంటి బడిలోనే పది పూర్తి చేసింది. మాస్టారు గారు చెప్పిన కాగితం అవసరమే కానీ, నా విషయంలో కాగితం పని చేయలేదు. ఎనిమిదో తరగతిలో ఆమె నోటుపుస్తకాలు ఖాళీగా కనిపించేవి. పట్నంలో చదివే మా అన్నగారి అబ్బాయి పుస్తకాలు చూస్తే నిండుగా ఉండేవి. ఆ ఏడాది రెండుసార్లు ఆమెను మాన్పించాలని బయలుదేరాను.

అప్పుడు వాళ్ల లెక్కల టీచరు గారు మా తోటకు వస్తామని కబురు పెట్టారు. చివరి వరుస చెట్లకు నీళ్లు సరిగ్గా అందడం లేదని మా అమ్మాయి బడిలో చెప్పిందట. తొమ్మిది మంది పిల్లలు ఖాళీ నీళ్ల సీసాలు పట్టుకుని వచ్చారు. మా డ్రిప్పర్లు గంటకు 4 లీటర్లు వదిలే రకం. అంటే పావుగంటకు ఒక లీటరు రావాలి. మోటరు వేసి, వరుసకు మూడు చోట్ల సీసాలు పెట్టి, పావుగంట ఆగి చూశారు. మొదటి చెట్టు దగ్గర సీసా దాదాపు నిండింది, చివరి చెట్టు దగ్గర సగానికి కొంచెం పైన ఆగింది. పిల్లలు అక్కడే మట్టిలో కూర్చుని నిష్పత్తులు వేసి, ఒక వేసవిలో ఆ చివరి చెట్టుకు ఎన్ని లీటర్లు తక్కువ పడుతున్నాయో నాకు చెప్పారు. పైపు చివర మూత విప్పి నీళ్లు వదిలితే ఎర్రటి బురద బయటకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా వ్యవసాయం చేస్తున్న నాకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

ఆ మరుసటి వారం టీచరు గారు నన్ను బడికి పిలిచి, అంట్లు కట్టడం పిల్లలకు చూపించమన్నారు. నేను ఆరో తరగతితో చదువు ఆపినవాణ్ణి. తరగతి గదిలో నిలబడి మాట్లాడినప్పుడు నాకు చేతులు వణికాయి. ఆ రోజు నుంచి ఆ బడి గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే నేను ఊరుకోలేదు. మా ఊరివారు టీచర్లు చెబితే నమ్మనిది నేను చెబితే నమ్మారు.

మీరు సమావేశం పెట్టి మీ సంగతి వాళ్లకు చెబుతున్నారు. మీ ఊరి మగ్గం నేసేవారికి రంగులు, పోగుల లెక్క తెలుసు. వాళ్లకు తెలిసినదాంట్లో పిల్లలకు ఏమి నేర్పగలరో మీరు అడిగి చూడండి.

జవాబు 3 (రంగారెడ్డి జిల్లాలో విద్యా కార్యకర్తగా పని చేసిన వ్యక్తి)

పై రెండు జవాబులనూ గౌరవిస్తూనే ఒక లోటు చెప్పదలచుకున్నాను. ఇద్దరూ బడిలో చేరిన పిల్లల ఇళ్ల గురించే మాట్లాడారు. ఊరంటే ఆ తొమ్మిది ఇళ్లే కాదు.

మా జిల్లాలో శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ బాల కార్మికులను బడిలో చేర్పించే పని చేసినప్పుడు, ప్రతి తల్లీ ప్రతి తండ్రీ తమ బిడ్డను చదివించాలనే కోరుకుంటారన్న నమ్మకంతోనే ఇంటి గడప తొక్కేవారు. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదన్న మాటను అక్కడ ఎవరూ అంగీకరించేవారు కాదు. ప్రభుత్వ ఉపాధ్యాయులు కూడా బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఈ పనిలో కలిశారు. పిల్లలు లేని యువకులు, పంచాయతీ సభ్యులు, పిల్లలను పనిలో పెట్టుకున్న ఆసాములు కూడా ఆ చర్చల్లో కూర్చున్నారు. అందరి మధ్య మాట నలిగిన తరువాతే "మా ఊళ్లో పిల్లలు పనికి పోరు" అన్నది ఊరి మాట అయింది.

కనుక మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాను. మీ ఊరి ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు మీ బడికి ఎప్పుడైనా వచ్చారా? వారు మిమ్మల్ని తమ పిల్లలను లాక్కునేవారిగా చూస్తున్నంత కాలం ఊళ్లో సగం మాటలు మీకు వ్యతిరేకంగానే ఉంటాయి. మీ ప్రయోగశాల సామాను వారి పిల్లలకూ తెరవండి, వారి ఆటస్థలం మీరు అడగండి. రిషీవ్యాలీ వారి పల్లె బడుల్లో జరిగిన మెట్రిక్ మేళాల (పిల్లలు ఊరివారితో కలిసి కొలతలు, తూకాలు వేసే సంతల) వంటివి రెండు బడులూ కలిసి చేయవచ్చు.

ఇంకొకటి, మీ సమావేశాలు ఎక్కడ, ఏ వేళలో జరిగాయి? పగలు పెడితే కూలికి వెళ్లే తల్లులు రారు, వస్తే ఆ రోజు కూలి పోతుంది. బడిలోనే పెడితే ఎస్సీ కాలనీవారు వచ్చి చివర నిలబడి వెళ్తారు. ఒకసారి కాలనీలోనే, రాత్రి అన్నాలు తిన్న తరువాత, మీరే వెళ్లి కూర్చోండి. విద్యా హక్కు చట్టం ఇచ్చిన హామీ పద్నాలుగేళ్లతో, ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. సరిగ్గా అక్కడి నుంచే ఆడపిల్లల చదువు ఆగే ప్రమాదం మొదలవుతుంది. మీ తొమ్మిది, పది తరగతులు ఆ ఆడపిల్లలకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చదువు అని ఊరికి అర్థమైతే, మీ పద్ధతి నచ్చనివారు కూడా మీ బడి మూతపడకూడదనే అనుకుంటారు.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. జవాబులు చదివి మేము ముగ్గురం నిన్న రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాము. మా మూడు సమావేశాలూ ఆదివారం ఉదయం బడిలోనే జరిగాయి. వచ్చినవారిలో కాలనీ నుంచి నలుగురే ఉన్నారని ఇప్పుడు హాజరు పుస్తకం తీస్తే తెలిసింది. ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయుల వారిని ఈ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా మేము పిలవలేదు. ఇది రాస్తుంటేనే నాకు బాధగా ఉంది.

ఈ శుక్రవారం రాత్రి కాలనీలో రామాలయం ముందు కూర్చుంటున్నాము. మాస్టారు చెప్పిన కాగితం సిద్ధం చేస్తున్నాము, ఖాతా పుస్తకం కూడా తీసుకెళ్తాము. మాస్టారూ, ఒక సందేహం. మా ఎనిమిదో తరగతికి పబ్లిక్ పరీక్ష నమూనాలో ఒక పరీక్ష పెట్టి, ఫలితం తల్లిదండ్రులకు చూపించాలా? ర్యాంకులు లేవని చెప్పుకున్న బడిలో అది మాట తప్పడం అవుతుందేమోనని నా సహోపాధ్యాయులు సందేహిస్తున్నారు.

జవాబు 1 రాసిన ప్రధానోపాధ్యాయుడు

పరీక్ష పెట్టండమ్మా, ర్యాంకు పెట్టకండి. పరీక్షకూ ర్యాంకుకూ చాలా తేడా ఉంది. మూడు గంటలు కూర్చుని రాయడం అలవాటు లేని పిల్లవాడు విషయం తెలిసి కూడా పదిలో తడబడతాడు, ఆ అలవాటు చేయించడం మీ బాధ్యత. జవాబు పత్రాలను పిల్లలే తమ తల్లిదండ్రుల పక్కన కూర్చుని, ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అని వివరించేలా చేయండి. టీసీ తీసుకెళ్లిన ఆ తల్లిని కూడా ఆ రోజు పిలవండి. బిడ్డను మళ్లీ చేర్చమని మాత్రం అడగకండి, వచ్చి కూర్చుంటే చాలు.