1997 ఏప్రిల్ మంచు తుఫాను: మా ఊరి లెక్క ఎలా వేయాలి?

మా పాప ప్రాజెక్టు కోసం మసాచుసెట్స్‌లో 1997 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల మంచు తుఫాను మ్యాప్ గీస్తున్నాం. బోస్టన్ లోగన్ ఎయిర్‌పోర్టుకు 25.4 అంగుళాలు, వూస్టర్‌కు 33 అని దొరికాయి. చిక్కంతా ఆ రెంటి మధ్యనున్న మా ఊరితోనే. అప్పట్లో ఇక్కడ రోజూ ఉదయం 7కి కొలిచేవారు, దాంతో ఒకే తుఫాను రెండు తేదీల్లోకి చీలిపోయింది. ఆ రెండూ కలిపితే వచ్చేదానికీ, నేల మీది మంచు లోతుకీ ఆరంగుళాల తేడా! మంచు తన బరువుకే అణుగుతుందని తెలుసు, కానీ ఇంత తేడానా? వాతావరణ శాఖ పాత రికార్డులు, లైబ్రరీలో అప్పటి పేపర్లు చూశాం, తేలలేదు. పాప పెన్సిల్‌తో రాసి చెరిపి, రాసి చెరిపి ఆ చోట కాగితం నూగు లేచిపోయింది. సోమవారమే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

తుఫాను మొత్తం హిమపాతంగా రెండు రోజుల కొలతలు కలిపి రాయాలా, నేల మీది గరిష్ఠ లోతు రాయాలా?