సమస్య: ‘ఎండ మండుచుండ నెముక వణికె’

నిర్వాహకుడు, హనుమకొండ:
మిత్రులకు నమస్కారం. మే నెలలో రామగుండం 45 డిగ్రీలు చూసే మన ప్రాంతం ఈ వారం గొంగళ్ళు వెతుక్కుంటోంది. మైదానాల్లో రాత్రి వేడి 10 డిగ్రీలకో అంతకంటే కిందికో దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ శీతల గాలులని ప్రకటిస్తుంది. మనకైతే పొద్దున బకెట్‌లో చెయ్యి పెడితే చాలు, తెలిసిపోతుంది. అయినా మధ్యాహ్నం ఎండ చుర్రుమంటోంది. అందుకే ఈ పాదం ఇచ్చాను. ఆటవెలది పద్యానికి ఇది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి ఇందులోని విరోధం విప్పాలి. కొత్తవాళ్ళకు ఒక మాట: ‘చుండన్ + ఎముక’ కాబట్టి యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం) ‘ఎ’ అనే అచ్చుకే.

ములుగు సార్:
మబ్బు లేని నింగి మధ్యాహ్నమున మండె
రాత్రి నేల వేడి రాలిపోయె
ఉత్తరంపు గాలి యూరూర తిరుగంగ
ఎండ మండుచుండ నెముక వణికె

నిర్వాహకుడు:
సార్, గణాలు (అక్షరాల గుంపులు), యతులు సరిపోయాయి. మబ్బు లేకుంటే పగలు ఎండ నేరుగా తగులుతుంది, రాత్రి నేల వేడి అడ్డు లేక పైకి పోతుంది. రెండింటికీ కారణం ఒకటే. అది పద్యంలో పట్టినందుకు సంతోషం. కానీ రెండో పాదంలో రాత్రయింది, నాలుగో పాదంలో మళ్ళీ ఎండ. సమస్యలోని విరోధం ఒకే క్షణానిది. ఎండ మీద పడుతుండగానే వణకాలి, అదే కష్టం. ‘మండె’, ‘మండుచుండ’ కూడా ఒకే మాట రెండుసార్లయింది.

కరీంనగర్ అమ్మ:
సిడ్నినుండి కొడుకు చెమటతో మాట్లాడె
అమ్మ హనుమకొండ నరుగు మీద
అచట నిచట నొక్క యాకాశమే గాని
ఎండ మండుచుండ నెముక వణికె

ములుగు సార్:
అమ్మా, బాగుంది! మన పుష్యమాసం వాళ్ళకు ఎండాకాలం కదా. కొడుకు ముందు, అమ్మ తర్వాత. ఎండ ముందు, ఎముక తర్వాత. క్రమాలంకారం దానంతటదే కుదిరింది. నేను చిక్కుకున్న కాలం ముడి మీరు దేశం మార్చి విప్పారు.

నిర్వాహకుడు:
నాకూ నచ్చింది. అయితే చలి మన ఊళ్ళోనే ఉంది, ఎండా ఇక్కడే ఉంది. రెండూ ఒకే ఒంటి మీద చూపించేవాళ్ళు ఉన్నారా అని చూస్తున్నాను.

పరకాల అక్క:
మా పొలంలో యాసంగి నాట్లు నడుస్తున్నాయి. ఒడ్డు మీద కూర్చుని రాశాను.

నాటు వేయు నమ్మ నడుముపై సూర్యుడు
కాలు బోరునీటఁ గడ్డకట్టె
పుష్యమాస మందు పొద్దెక్కి వచ్చెను
ఎండ మండుచుండ నెముక వణికె

నిర్వాహకుడు:
అక్కా, ఇదే. వంగిన నడుము మీద ఎండ, బురదలో కాళ్ళు. ఆ క్షణం దొరికింది. నాలుగు రోజులుగా దీని కోసమే ఎదురుచూస్తున్నాను.

జనగామ రైతు:
పద్యం గురించి చెప్పేంతవాణ్ణి కాదు, నీళ్ళ గురించి చెప్తా. చలికి నారు ఎర్రబడుతుందని సాయంత్రం మడిలో నీళ్ళు తీసేసి, పొద్దున బోరు నీళ్ళు పెడతాం. ఎందుకు? భూమిలోంచి వచ్చిన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయని. బోరునీట కాలు గడ్డకట్టదు అక్కా. రాత్రంతా మంచులో ఉన్న చెరువు నీళ్ళయితే కడుతుంది.

నిర్వాహకుడు:
ఇది నాకు తట్టలేదు. ‘బోరు’ గలం (గురువు, లఘువు), ‘చెరువు’ నగణం (మూడు లఘువులు), రెండూ ఈ పాదంలో పట్టే సూర్యగణాలే. మాట మారినా ఛందస్సు చెడదు.

పరకాల అక్క:
నిజమే అన్నా. మాది చెరువు కిందిదే, ప్రాస బాగుందని కాదు, నోటికి అలవాటై బోరు అని రాసేశాను. మా అత్తమ్మ పొద్దున్నుంచి ఆ నీళ్ళలోనే ఉంది.

నాటు వేయు నమ్మ నడుముపై సూర్యుడు
కాలు చెరువునీట గడ్డకట్టె