దశాబ్దం ముగిసిన అనుభూతిని ఏ సంవత్సరం బాగా పట్టి చూపుతుంది? ప్రదర్శనకు సలహా కావాలి

ప్రశ్న (గుంటూరు నుంచి, కళాశాల అధ్యాపకురాలు)

సభ్యులందరికీ నమస్కారం. మా కళాశాల పూర్వ విద్యార్థుల సమ్మేళనం కోసం నాలుగు గదుల్లో ఒక ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నాము. డెబ్బైలు, ఎనభైలు, తొంభైలు, రెండువేల తొలి దశాబ్దం ముగిసే నాటికి మన గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో ఒక మధ్యతరగతి ఇల్లు ఎలా ఉండేదో ఒక్కొక్క గదిలో చూపాలన్నది మా సంకల్పం. ప్రతి గదిలోనూ గోడకు ఒక క్యాలెండరు ఉండాలనుకున్నాము, చిక్కు అక్కడే వచ్చింది. 1979, 1989, 1999, 2009 అని సరళంగా పెట్టేద్దామని కొందరు అంటున్నారు. లెక్క ప్రకారం దశాబ్దం సున్నాతో ముగుస్తుంది గనుక 1980, 1990 పెట్టాలని మరికొందరు పట్టుబడుతున్నారు. ఇంకొందరేమో ఎనభైలు నిజంగా ముగిసింది 1991లోనని, తొంభైలు 2001 దాకా సాగాయని వాదిస్తున్నారు. వచ్చిన వారు గదిలో అడుగు పెట్టగానే ‘అవును, అప్పుడు ఇలాగే ఉండేది’ అనుకోవాలి. ఏ సంవత్సరాలు ఎంచుకోవాలో, ఎందుకు ఎంచుకోవాలో తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

సమాధానం (విజయవాడ నుంచి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

అమ్మా, ముందు సున్నా, తొమ్మిదిల తగాదాను పక్కన పెట్టండి. శతాబ్దాలను లెక్కించేటప్పుడు ఒకటితో మొదలుపెట్టి సున్నాతో ముగించడం సరైనదే గాని, ‘ఎనభైలు’ అని నోటితో అన్నప్పుడు మనిషి మనసులో ఉండేవి ఎనిమిది అంకెతో నడిచిన పదేళ్లే. మీ ప్రదర్శన జనం జ్ఞాపకాలకు సంబంధించినది కనుక జనం మాటనే అనుసరించండి.

అసలు కష్టం వేరే చోట ఉంది. జనవరి నుంచి డిసెంబరు వరకు కత్తిరించిన ఏ ఒక్క సంవత్సరమూ దశాబ్దాంతాన్ని పూర్తిగా పట్టుకోదు, ఎందుకంటే ముగింపు అనుభూతిలో పాత అలవాటు ఇంకా ఇంట్లో కూర్చునే ఉంటుంది, కొత్తది గుమ్మం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది. ఆ రెండూ కలిసి కనిపించే పన్నెండు నెలలు మనకు కావాలి. వాటిని ఉగాది నుంచి ఉగాదికి లెక్క వేసి చూడండి. 1979 మార్చి నుంచి 1980 మార్చి వరకు నడిచిన సిద్ధార్థి, 1989 ఏప్రిల్ నుంచి మరుసటి మార్చి వరకు నడిచిన శుక్ల, 1999 మార్చి నుంచి 2000 ఏప్రిల్ వరకు నడిచిన ప్రమాది, 2009 మార్చి నుంచి 2010 మార్చి వరకు నడిచిన విరోధి నామ సంవత్సరాలు మీ నాలుగు గదులకు నాలుగు హద్దులవుతాయి. తొమ్మిదో ఏడు, సున్నా ఏడు రెండూ వాటిలో కలిసిపోతాయి కనుక మీ మిత్రుల వివాదమూ తీరుతుంది.

డెబ్బైల గదికి సిద్ధార్థి ఎందుకు సరిపోతుందో చెబుతాను. 1979 జులైలో అమెరికా వారి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ భూమి మీద పడబోతోందన్న వార్త మన పల్లెలను ఎంతగా కుదిపిందో ఆ వయసువారెవరిని అడిగినా చెబుతారు. అది ఎక్కడ పడుతుందో తెలియక, రేపన్నది ఉండదేమోనని కోళ్లను, మేకలను కోసుకుని తిన్నవారి కథలు ఈనాటికీ ఊరూరా వినిపిస్తాయి. చివరకు అది హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడింది. అంత భయం ఎందుకు కలిగిందో అర్థం కావాలంటే, అంతకు రెండేళ్లు తిరగకముందే 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను తీసుకుపోయిన సంగతి గుర్తుంచుకోవాలి. ఆకాశం నుంచి, సముద్రం నుంచి వచ్చేదాన్ని నమ్మలేని స్థితిలో ఉన్న జనం వారు. 1979 చివర ఇబ్రహీంపట్నంలో విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రపు తొలి యూనిట్ నడక మొదలుపెట్టింది, 1980 జనవరి ఎన్నికల్లో ఇందిరాగాంధీ తిరిగి అధికారానికి వచ్చారు, ఫిబ్రవరిలో శంకరాభరణం విడుదలైంది. ఇవన్నీ ఒకే ఉగాది ఏడాదిలో ఇమిడాయి.

ఆ గదిలో తప్పనిసరిగా ఉండవలసిన వస్తువు రేడియో. విజయవాడ ఆకాశవాణి నుంచి పొద్దున భక్తిరంజని, ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి ధర్మసందేహాలు వినిపించే కాలం అది. ఇక్కడే మీకొక కొలబద్ద ఇస్తాను. ఏ సంవత్సరాన్నయినా ఎంచుకునే ముందు, ఆ ఏడాది ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కడ కూర్చున్నారు, ఏం విన్నారు, ఏం చూశారు అని అడగండి. సిద్ధార్థిలో రేడియో ముందు కూర్చున్నారు. శుక్లలో అదే ఇంట్లో ఆదివారం ఉదయం దూరదర్శన్ మహాభారతం ముందు కూర్చున్నారు, ఆ ధారావాహిక 1988 అక్టోబరులో మొదలై 1990 నడిమి వరకు సాగింది. భాష హిందీ అయినా, టీవీ లేని ఇరుగుపొరుగు వారు సైతం వచ్చి ముందుగదిలో చాప మీద కూర్చుని చూసేవారు. అదే సమయంలో పాత రేడియో గూట్లో ఇంకా పలుకుతూనే ఉండేది. ఉషశ్రీ గారు 1990 సెప్టెంబరులో కన్నుమూశారు.

విజయవాడ వారికి ఎనభైల ముగింపు మరొక విధంగానూ గుర్తుంటుంది. 1988 డిసెంబరు 26న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా హత్య, ఆ వెంటనే జరిగిన విధ్వంసం, కర్ఫ్యూ నగరపు మాటతీరునే మార్చాయి. మరుసటి అక్టోబరులో కళాశాల రౌడీయిజం కథగా శివ చిత్రం వచ్చినప్పుడు ఇక్కడి కుర్రకారు దానిని తమ వీధి కథగా చూశారు. నవంబరు ఎన్నికల్లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఓడింది. 1982లో పుట్టిన తెలుగుదేశంతో మొదలైన ఊపు, ఆ దశాబ్దపు గొంతు, అక్కడ ఒక మలుపు తిరిగింది. ఈ ఘట్టాలను మీ గదిలో నాటి పత్రికల ప్రతుల ద్వారా మాత్రమే చూపండి, వ్యాఖ్య రాయవద్దు. గాయాలు ఇంకా పూర్తిగా మానని సంగతులివి.

1991 జులై ఆర్థిక సంస్కరణలతోనే ఎనభైలు ముగిశాయన్న వాదంలో బలం లేకపోలేదు. అయితే ఆ మార్పు ప్రభుత్వ కాగితాల్లో ముందు జరిగి, మన వంటింటికి ఏళ్లు ఆలస్యంగా చేరింది. ఇల్లు చూపే ప్రదర్శనకు శుక్లయే సరి.

2009 విషయంలో సందేహించవలసిన పనే లేదు. సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి గారి మరణం, అక్టోబరు తొలివారంలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ వరద, డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ప్రకటన, ఆ మర్నాటి నుంచి మన వీధుల్లో సమైక్యాంధ్ర ఉద్యమం, అన్నీ విరోధిలోనే జరిగాయి, అన్నీ ఇరవైనాలుగు గంటల వార్తా ఛానళ్లలో కనిపించాయి. ఒక దశాబ్దం ఇంత స్పష్టంగా తనంతట తానే ముగియడం అరుదు.

తొంభైల గదికి నేను ప్రమాది అన్నాను గాని, సభలో మరొకరు 2001 కోసం వాదిస్తే వినవలసిందే. టెలిఫోన్ల సంగతి తెలిసినవారు ఎవరైనా ఇక్కడ మాట్లాడితే బాగుంటుంది.

అనుబంధ ప్రశ్న (గుంటూరు అధ్యాపకురాలు)

మాస్టారూ, ఉగాది హద్దు మాకు తోచని ఆలోచన, కృతజ్ఞతలు. తొంభైల విషయంలో మా కమిటీలో సగం మంది 2001నే కోరుతున్నారు. 2001 సెప్టెంబరు దాడుల వరకు, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పడిపోయే వరకు, తొంభైల ఆశ అలాగే నడిచిందన్నది వారి వాదన. దీనిని ఎలా తేల్చాలి?

సమాధానం (గుంటూరు నుంచి, టెలిఫోన్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు)

మాస్టారు పిలిచారు గనుక నాకు తెలిసినంత రాస్తాను. ఇంటి లోపలి జీవితాన్ని మాత్రమే చూస్తే 1999కీ 2001కీ పెద్ద తేడా కనిపించదు. రెండింటిలోనూ వీధి మలుపులో పసుపురంగు ఎస్టీడీ బూత్ ఉంది, అద్దాల గదిలో ఎర్ర అంకెల మీటరు తిరుగుతూ ఉంటుంది, రాత్రి పొద్దుపోయాక పావు ధర వర్తిస్తుంది గనుక హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలతో మాట్లాడడానికి తల్లిదండ్రులు భోజనాలయ్యాక వచ్చి వరుసలో నిలబడతారు. సెల్‌ఫోన్ దేశంలోకి 1995లోనే వచ్చినా, వచ్చిన పిలుపుకు కూడా డబ్బు కట్టవలసి ఉండడం వల్ల అది వ్యాపారుల చేతికే పరిమితమైంది. బీఎస్ఎన్ఎల్ సెల్ సేవ 2002 అక్టోబరులో మొదలైంది, వచ్చే పిలుపులు 2003లో ఉచితమయ్యాయి. బూత్ ముందు వరుస పలచబడింది అప్పటి నుంచే. కాబట్టి వస్తువుల రీత్యా తొంభైలు 2002 చివరి దాకా నిలిచాయనడం న్యాయమే.

కాని మీకు కావలసింది ముగిసిన అనుభూతి. ఆ కోణంలో 2001 ఒక అంతంగా ఎవరికీ ముందుగా తెలియలేదు, అది తరువాత వెనుదిరిగి చూసి పెట్టుకున్న హద్దు. 1999 అలా కాదు. 2000 వస్తోందని ప్రతి ఇంట్లోనూ మాట్లాడుకున్నారు. డిసెంబరు 31 అర్ధరాత్రి కంప్యూటర్లు తేదీని తప్పుగా చదివి బ్యాంకులు, ఫోన్లు ఆగిపోతాయేమోనన్న ఆందోళనతో మా కార్యాలయంలోనూ ఆ రాత్రి మెలకువగానే ఉన్నాము, పన్నెండు దాటినా అన్నీ మామూలుగానే పనిచేశాయి. సరిగ్గా ఆ వై2కే పని చేసిపెట్టడానికే మన జిల్లాల ఇంజనీరింగ్ పిల్లలు ఎంతోమంది విదేశాలకు వెళ్లారు. భయమూ ఉద్యోగమూ ఒకే మూలం నుంచి వచ్చిన ఆ విచిత్రం మరే ఏడాదిలోనూ లేదు. దానికి తోడు వేసవిలో కార్గిల్ యుద్ధం కేబుల్ టీవీలో ఇంటింటికీ చేరింది, అక్టోబరు 29న ఒరిస్సాను పెనుతుపాను కొట్టినప్పుడు దివిసీమను చూసిన మన తీరం నిద్రపోలేదు. నా మాటగా ప్రమాదినే పెట్టండి. 2001 కోరేవారి తృప్తి కోసం గదిలో ఒక మూల నెట్ సెంటర్ బల్ల వేస్తే సరిపోతుంది.

ఒక జాగ్రత్త. దుకాణపు బోర్డుల మీద ఫోన్ నంబరు రాయిస్తే ఈ గదిలో విజయవాడ కోడ్ 0866 గాని గుంటూరు కోడ్ 0863 గాని వేసి ఆరు అంకెలే రాయించండి. ముందు 2 చేర్చి ఏడు అంకెలు చేసింది ఆ తరువాతి కాలంలో.

సమాధానం (విజయవాడ నుంచి, విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని)

సంవత్సరం ఎంత చక్కగా ఎంచుకున్నా, ఆ ఏటికి చెందని ఒక్క వస్తువు కనిపిస్తే చూసేవారి నమ్మకం పోతుంది. గల్లాపెట్టె చూపే ఉద్దేశం ఉంటే నా అనుభవం కొంత ఉపయోగపడుతుంది. 1978 జనవరిలో వెయ్యి, అయిదు వేలు, పది వేల నోట్లను రద్దు చేశారు, 500 నోటు 1987 అక్టోబరులో వచ్చింది. అందువల్ల 1979 గదిలో అన్నిటికంటే పెద్ద నోటు వందే కావాలి. 1989 గదిలో 500 నోటు ఉండవచ్చు గాని, గాంధీజీ బొమ్మతో మనకు అలవాటైన వంద, పది రూపాయల నోట్లు 1996లో మొదలయ్యాయి గనుక అవి ఆ గదిలోకి రాకూడదు. వెయ్యి నోటు మళ్లీ వచ్చింది 2000 చివర్లో, అంటే ప్రమాది గడిచాక. 2009 గదిలో ధరల చీటీలు అచ్చువేయిస్తే రూపాయి గుర్తు వాడవద్దు, దానిని ఆమోదించింది 2010 జులైలో. పావలా మాత్రం నాలుగు గదుల్లోనూ ఉండవచ్చు, 2011 జూన్ చివరి వరకు అది చెల్లింది.

వాహనం నిలబెట్టే ఆలోచన ఉంటే నంబరు పలక చూసుకోండి. కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమలులోకి వచ్చింది. ఆ తరువాతి పద్ధతిలోనే గుంటూరు జిల్లాకు ఏపీ 7, కృష్ణా జిల్లాకు ఏపీ 16 వచ్చాయి, అంతకు ముందు బండ్ల మీద మూడక్షరాల వరుస ఉండేది. శుక్ల గదిలో పాత పలకతో ఒక స్కూటరు, కొత్త పలకతో ఒక మోటారు సైకిలు పక్కపక్కన పెడితే మాస్టారు చెప్పిన పాతకొత్తల కలయిక వేరే వివరణ లేకుండానే తెలిసిపోతుంది.

అనుబంధ ప్రశ్న (గుంటూరు అధ్యాపకురాలు)

అందరికీ పేరు పేరునా నమస్కారాలు. ఉగాది హద్దుకు కమిటీ ఒప్పుకుంది. ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. గుంటూరులో ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు ఎన్నో ఉండగా, గోడకు పంచాంగం వేలాడదీస్తే ఆ గది అందరి ఇల్లు ఎలా అవుతుందని ఆ అమ్మాయి అడిగింది. నాటి పత్రికలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పగలరు.

సమాధానం (విజయవాడ, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

ఆ అమ్మాయి అడిగినది ఎంతో విలువైన ప్రశ్న, నా అభినందనలు చెప్పండి. ఉగాది హద్దును మీ లెక్కకు మాత్రమే ఉంచుకోండి, గోడకు ఎక్కించవద్దు. గోడ మీద దుకాణాల వారు కొత్త సంవత్సరానికి పంచిపెట్టే తేదీల క్యాలెండర్లు రెండు, పక్కపక్కన వేలాడాలి. తొమ్మిదో ఏటిది డిసెంబరు కాగితంతోను, సున్నా ఏటిది జనవరి కాగితంతోను ఉండాలి. అలాంటి క్యాలెండర్లలో సంక్రాంతి, క్రిస్మస్, మొహర్రం అన్నీ ఎర్ర అంకెల్లోనే ఉంటాయి, అవి ఏ మతం వారింట్లోనైనా వేలాడినవే. పాత క్యాలెండరును కొంతకాలం తీయకుండా, దాని పక్కనే కొత్తది తగిలించడం మన ఇళ్లలో మామూలు కనుక ఈ అమరిక కృత్రిమంగానూ కనిపించదు. పంచాంగం పుస్తకం ఉంచదలిస్తే బల్ల మీద, పాటల పుస్తకం, బైబిలు, ఉర్దూ వాచకం వంటివాటి మధ్య ఉంచండి.

పత్రికల కోసం మొదట గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్లండి, పాత మాసపత్రికల సేకరణకు అది మీకు దగ్గరి చోటు. విజయవాడలో రామమోహన గ్రంథాలయం ఉంది. సొంతానికి కొనుక్కోవాలంటే ఏలూరు రోడ్డు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఓపికగా వెతకాలి. సంచికలు వెతికేటప్పుడు పెద్ద శీర్షికల పుటలకన్నా లోపలి ప్రకటనల పుటలను ఎక్కువగా నకలు తీయించండి, ఆ ఏడాది ఇంట్లో ఏ రేడియో, ఏ టీవీ, ఏ సబ్బు ఉందో అక్కడే తెలుస్తుంది. గ్రంథాలయాల వారి అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోండి, పాత కాగితం పెళుసుగా ఉంటుంది కనుక మెరుపు దీపం లేకుండా ఫోటో తీయడమే మేలు.