మట్టిపని గురువు పక్కన కూర్చుని నేర్చుకోవాలా, కళాశాలలో నేర్చుకోవాలా?

చెరువుగట్టు:
మా అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తి చేసి, మట్టిపనీ చిత్రకళా తప్ప మరేదీ నేర్చుకోనని పట్టుబట్టింది. నాలుగేళ్ల లలితకళల డిగ్రీ బి.ఎఫ్.ఎ.లో చేర్పించమని బంధువులు చెబుతుండగా, ఆమె మాత్రం మా మండలంలో ఇప్పటికీ కుమ్మరి సారె తిప్పుతున్న ఒక పెద్దాయన దగ్గర చేరతానంటున్నది. పనివాడి పక్కన కూర్చుని నేర్చుకోవడమే సరైన మార్గమా, లేక పట్టా లేనందువల్ల ముందుముందు అన్ని దారులూ మూసుకుపోతాయా? అనుభవం ఉన్నవారు మొహమాటం లేకుండా చెప్పగోరుతున్నాను.

సారెపక్క:
నేను ఆ వృత్తిలో పుట్టినవాణ్ణి కాను. డిగ్రీ తరువాత మూడేళ్లు ఒక కుమ్మరి పాకలో పనిచేశాను కనుక పెద్దాయన పక్షానే మాట్లాడుతున్నాను. మొదటి నాలుగు నెలలు మా గురువుగారు నన్ను సారె ముట్టుకోనివ్వలేదు. చెరువు మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కడమే నా పని. అప్పుడు అది చాకిరీగానే తోచింది కాని, ఇసుక తక్కువైన మట్టి ఆరేటప్పుడు ఎలా బీటలిస్తుందో, ఎక్కువైన మట్టి వేళ్ల మధ్య ఎలా విరిగిపోతుందో నా మడమలకు తెలిసినది ఆ నెలల్లోనే.

మన వైపు కుండ మొత్తం సారె మీదనే తయారవుతుందని చాలామంది అనుకుంటారు. సారె మీద లేచేది దళసరి గోడలున్న, అడుగు లేని రూపం మాత్రమే. దానిని సగం ఆరనిచ్చి, లోపల గుండ్రటి రాయి ఆనించి, బయటి నుంచి చెక్కతో కొడుతూ పోతే గోడ పలచబడి, కడుపు ఉబ్బి, చివరికి అడుగు మూసుకుంటుంది. కొట్టవలసిన వేళ ఏదన్నది గడియారం చెప్పదు. గురువుగారు గోటితో నొక్కి చూసి "ఇంకొక జాము ఆగు" అనేవారు. నేను కూడా అలా చెప్పగలగడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆయన ఊళ్లో లేని ఒక రోజున తొందరపడి సరిగా ఆరని కుండలను, వాటిని కాల్చే ఆవంలో పేర్చగా, లోపలి తేమ ఆవిరై సగానికి పైగా పగిలిపోయాయి. తిరిగి వచ్చి ఆయన కోప్పడలేదు; పెంకులన్నీ నా చేతనే ఏరించి, ఏ పెంకు కుండలో ఏ చోటిదో, అక్కడే ఎందుకు విరిగిందో చెప్పమన్నారు. కళాశాల గంట మోగే వేళకు ఈ పాఠం పూర్తవుతుందా?

పెంకుటిల్లు:
సారెపక్క గారూ, మీరు చెప్పినదంతా నిజమే, కాని ఆ పాకలోకి మిమ్మల్ని రానిచ్చారు. నేను కుమ్మరి ఇంట్లోనే పుట్టాను. మట్టి తొక్కాను, నీళ్లు మోశాను, కుండలను ఎండకు తిప్పి పెట్టాను, నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్లాను. సారె దగ్గరకు వెళ్లినప్పుడు మాత్రం ఆడపిల్ల ముట్టుకోకూడదని మా తాతగారూ నాన్నగారూ అన్నారు. తిరిగే మట్టిని నా చేతులు మొదటిసారి తాకినది పందొమ్మిదో ఏట, కళాశాల స్టూడియోలో, కరెంటు సారె మీద. నీరు ఇంకని గట్టి మట్టిపాత్రలైన స్టోన్‌వేర్‌కు 1200 డిగ్రీలకు మించిన వేడి కావాలనీ, మా ఇంటి ఆవం అంత వేడెక్కదు కనుకనే మా కుండకు సన్నని రంధ్రాలు మిగిలి, నీరు చెమర్చి చల్లబడుతుందనీ కారణంతో సహా అక్కడే తెలుసుకున్నాను. మా నాన్నగారి చెయ్యి ఎంత గొప్పదో కూడా నాకు అర్థమైనది అప్పుడే. పరంపరను పొగిడేవారు అది ఎవరికి పెట్టిందో, ఎవరికి లేదన్నదో కూడా చెప్పాలి.

కరక్కాయ:
శ్రీకాళహస్తి సంగతి ఇక్కడ చెప్పదగినది. కలంకారీ వేసేవారు కొద్దిమందే మిగిలిన కాలంలో, 1950ల చివర, హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల మండలి అక్కడ ఒక శిక్షణ కేంద్రాన్ని తెరిచింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అందులో బోధించారు. ప్రభుత్వ కేంద్రమే అయినా, నేర్పినది మాత్రం చేతి నుంచి చేతికే. కరక్కాయ పొడి కలిపిన పాలలో బట్టను ముంచి ఆరబెట్టడం, కాల్చిన చింతపుల్లతో గీయడం, బెల్లం నీళ్లలో ఇనుపముక్కలను వారాల తరబడి ఊరబెట్టి నల్లరంగు తీయడం వంటివి పక్కన నిలబడి చూడనిదే పట్టుబడవు. లక్ష్మయ్య గారి కుమారుడు గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ లభించింది. గురువు గురువుగానే ఉండి, గడప మాత్రం అందరికీ తెరుచుకోగలదని నేను నమ్మేది ఇందువల్లనే.

సారెపక్క:
పెంకుటిల్లు గారి మాట నన్ను ఆపింది. మా గురువుగారి కోడలు మూడేళ్లూ నా పక్కనే మట్టి తొక్కింది. ఆమె సారె ఎందుకు ఎక్కలేదని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అయినా ఒక విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఇంగ్లిషు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ లండన్‌లో చిత్రకళ చదివి కూడా, మట్టిపని కోసం జపానులో కెంజాన్ అనే కుమ్మరి పరంపరలో ఆరవవాడైన ఆరవ కెంజాన్ దగ్గర శిష్యుడిగా చేరాడు. 1920లో అతనితో కలిసి ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో కుమ్మరిశాల పెట్టిన జపాను కుమ్మరి హమదా షోజీ, టోక్యోలో సాంకేతిక విద్య చదివినవాడే అయినా, చివరకు స్థిరపడినది మషికో అనే కుమ్మరుల ఊళ్లో. చదువు ఉన్నవారు సైతం పనివాళ్ల మధ్యకు వెళ్లవలసి వచ్చింది.

చెరువుగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక నిన్న పెద్దాయన దగ్గరకు వెళ్లి, మా అమ్మాయిని సారె మీద కూర్చోనిస్తారా అని సూటిగా అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, మూడు నెలలు మట్టి తొక్కితే కూర్చోబెడతానన్నారు. మరి మీ మనవరాలి సంగతేమిటని అడిగితే సమాధానం రాలేదు. కళాశాల దరఖాస్తు కూడా నింపి పెట్టాము. సోమవారం నుంచి అమ్మాయి పాకకు వెళుతుంది.