హౌటన్ నుంచి కాపర్ హార్బర్: స్నోమొబైల్ మీద ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

నోవి_కుర్రోడు
అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో నలుగురం ఫ్రెండ్స్ డెట్రాయిట్ వైపు నుంచి యూపీ వెళ్తున్నాం (లక్నో యూపీ కాదండోయ్, మిషిగన్ అప్పర్ పెనిన్సులా). హౌటన్‌లో రెంటల్ స్లెడ్లు (స్నోమొబైల్స్) తీసుకుని కాపర్ హార్బర్ వెళ్లి అదే రోజు వెనక్కి రావాలని ప్లాన్, ఇద్దరు ఇంతకుముందు ఎప్పుడూ నడపలేదు. మావాడొకడు అప్పుడే లెక్క కట్టేశాడు, గంటకి 60 మైళ్లలో పోదాం, అటు గంట ఇటు గంట, లంచ్ టైమ్‌కి రూమ్‌లో ఉంటాం, తర్వాత ఇంకో లూప్ కొట్టొచ్చు అంటాడు. నాకు ఎక్కడో తేడా కొడుతోంది. ట్రెయిల్ (స్నోమొబైల్ దారి) మీద నిజంగా ఎంత యావరేజ్ వస్తుంది?

మంచు_మామ
మీవాడు కారు లెక్క వేశాడు తమ్ముడూ. 60 అనేది మీటర్‌లో కనపడుద్ది గానీ యావరేజ్‌లో రాదు. హౌటన్‌కి బ్రిడ్జ్ అవతల ఉన్న హాంకాక్ నుంచి, దారిలో వచ్చే కాల్యుమెట్ ఊరి దాకా ట్రెయిల్ పాత రైలు కట్ట మీదే పోతుంది, తిన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ 40, 45 హాయిగా పోవచ్చు, పైకి వెళ్లేకొద్దీ అడవి, మలుపులు, ఎత్తుపల్లాలు, కొత్తవాళ్లు 25కి దిగిపోతారు. బండి కదులుతున్న టైమ్ వరకే చూస్తే 30 వచ్చిందంటే బాగా నడిపినట్టే. ఆగిన టైమ్ కూడా కలిపితే 20. ప్రతి రోడ్డు క్రాసింగ్ దగ్గర ఆగాలి, జంక్షన్ వస్తే వెనకవాడు కనపడేదాకా ఆగాలి, ఒకడికి హెల్మెట్ షీల్డ్ మంచు పట్టేస్తుంది, ఇంకొకడికి బాత్‌రూమ్, ఆ లేయర్లన్నీ విప్పి మళ్లీ తొడుక్కునేసరికే పావుగంట పోద్ది.
రోడ్డు మీదే 47 మైళ్ల దాకా ఉంది, రానూపోనూ వంద అనుకోండి. అంటే అయిదు గంటలు, తిండి వేరే. వెళ్లి రావచ్చు, కాకపోతే రోజంతా దానికే. కొత్తవాళ్లు ఉన్న గ్రూప్‌కి మామూలుగా 60-80 మైళ్లు చాలు, అలవాటైనవాళ్లు 120-150 చేస్తారు. 200 కొట్టాం అనేవాళ్లు కూడా తగులుతారు, వాళ్లు ఫొటో కూడా దిగకుండా తొక్కే బ్యాచ్, వాళ్లతో పోల్చుకోకండి.

డులుత్_రెడ్డి
మామ చెప్పింది కరెక్ట్, ఒకటి కలుపుతా. ఏ రోజు, ఎన్నింటికి బయల్దేరతారో దాన్ని బట్టి స్పీడ్ సగానికి సగం మారిపోద్ది. గ్రూమర్ (ట్రెయిల్ మంచుని చదును చేసే బండి) ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది, పొద్దున్నే వెళ్తే ట్రెయిల్ నున్నగా తారు రోడ్డులా ఉంటుంది, అదే శనివారం మధ్యాహ్నం అయితే వందల బండ్లు తొక్కేసి అంతా గుంతలూ దిబ్బలే, 15 దాటితే నడుం పోద్ది. మా మిన్నెసోటాలో ట్రెయిల్ లిమిట్ 50. మిషిగన్‌లో అలా ఒక నంబర్ లేదు, పరిస్థితిని బట్టి తగినంత స్పీడ్ అని చట్టం, దాన్ని కొంతమంది ఎంతైనా పోవచ్చని అర్థం చేసుకుంటారు 🤦. ఇంకోటి, ముందు బండి లేపే మంచుపొడిలో వెనకవాడికి ఏమీ కనపడదు, గ్యాప్ పెట్టాల్సిందే, నలుగురే అయినా లైన్ బాగా పొడవైపోద్ది.

నోవి_కుర్రోడు
థాంక్స్ అన్నా. గ్యాస్ (పెట్రోల్) సంగతి? ఒక ట్యాంక్‌తో వచ్చేయొచ్చా?

మంచు_మామ
ట్యాంక్ 10-12 గ్యాలన్లు ఉంటుంది. టూ స్ట్రోక్ అయితే గ్యాలన్‌కి 10-15 మైళ్లు, ఫోర్ స్ట్రోక్ మెల్లగా తోలితే 20 దాకా ఇస్తుంది. ఏదైనా సరే వంద మైళ్లకి ఒకసారి నింపాలి అని పెట్టుకోండి, కొత్త మంచు లోతుగా పడితే ఇంకా తాగేస్తుంది. వెళ్లేటప్పుడే కాల్యుమెట్‌లో నింపేసుకోండి, సగం ఉందిలే అని వదిలేయొద్దు.

యూపీ_వదిన
మా గ్రూప్‌లో మేం చేసేది చెప్తా. బాగా నడిపేవాళ్లు ఒకరు ముందు, ఒకరు చివర, కొత్తవాళ్లిద్దరూ మధ్యలో, వాళ్ల స్పీడే అందరి స్పీడ్. ఫిబ్రవరిలో ఆరింటి ప్రాంతంలో పొద్దు కుంకుద్ది, చీకట్లో లైటు పడేంత దూరంలో బండి ఆగే స్పీడే పోవాలి, జింకలు అడ్డం వస్తాయి, కాబట్టి కాపర్ హార్బర్‌లో ఒంటిగంటన్నర తర్వాత కూర్చోకండి. ఒంటిగంటకి ఇంకా సగం దారిలోనే ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరిగేయండి. హౌటన్, హాంకాక్ మధ్య లిఫ్ట్ బ్రిడ్జ్‌ని (మధ్య భాగం పైకి లేచే బ్రిడ్జ్) చలికాలం దించి పెడతారు, కింది అంతస్తు మీద నుంచి స్లెడ్లు పోతాయి, భలే ఉంటుంది, అక్కడ మీవాళ్లు స్పీడ్ తగ్గించేలా చూడు. మెయిన్‌గా రెంటల్ షాప్‌కి ఇప్పుడే ఫోన్ చేసి బండి ఎన్నింటికి ఇస్తారు, ఎన్నింటిలోపు తిరిగివ్వాలి అని కనుక్కో తమ్ముడూ, సాయంత్రం అయిదు అన్నారంటే ఈ ప్లాన్ బాగా టైట్ అయిపోద్ది, బండి కూడా లేటుగా ఇస్తామంటే కాల్యుమెట్ దాటి కొంచెం పైకి వెళ్లి వచ్చేయడమే.